ఎడమగట్టు మీది పద్దెనిమిది చెట్లు

ఏప్రిల్ పదకొండో తేదీ, గురువారం, ఉదయం తొమ్మిదిన్నర గంటలు. స్థలం: నదీతీర పరిరక్షణ కార్యాలయం, మేడమీది పటాల గది. హాజరైనవారు: పటాల అధికారిణి, పనుల ఇంజనీరు, పక్షుల గణకుడు. పిలవకపోయినా హాజరైనవారు: పటాల అధికారిణిగారి మేనమామ.

వీరిలో మొదటి ముగ్గురి హాజరూ ఆనాటి రిజిస్టరులో నమోదైంది. నాలుగో ఆయన రిజిస్టరుకెక్కలేదు. ఎక్కకపోతేనేం, ఆయన ఆ పూట అరగంట ఆలస్యంగా వచ్చి ఉంటే ఈ కథ చెప్పుకోవలసిన అవసరమే లేకపోయేది.

పటాల అధికారిణిని కార్యాలయంలో అందరూ చాటుగా భూతద్దం అంటారు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. కోపం లేదు సరికదా, లోలోపల కాస్త గర్వం కూడా ఉంది. ఇరవయ్యారేళ్ళ ఉద్యోగంలో ఆవిడ సంతకం పెట్టిన ఏ కాగితాన్నీ ఎవరూ సవరించవలసి రాలేదు. ఆవిడకు యాభై రెండేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు, మేనమామ కూడా చేసుకోలేదు, ఒకే ఇంట్లో, చెరో గది నిండా పుస్తకాలతో, ఇద్దరూ నిమ్మళంగా కాలం వెళ్ళదీస్తున్నారు. ఆవిడ పటాల గది దాటి బయటికి రావడం భోజనానికీ, సాయంత్రం ఇంటికి వెళ్ళడానికీ మాత్రమే. కార్యాలయం నది ఎడమ ఒడ్డునే ఉంది. అయినా ఆవిడ నది దగ్గరికి వెళ్ళి తొమ్మిదేళ్ళయింది. నదిని కాగితం మీద చూడడం ఆవిడకు ఎక్కువ ఇష్టం. కాగితం మీద అది కదలదు.

ఆ కాగితమే ఇప్పుడు బల్లమీద ఉంది. ఊరి పక్కన నది వంపు తిరిగే చోట, రెండు గట్లనూ, రాతి మెట్లనూ, పడవలు కట్టే రాతి గుంజలనూ నూట అరవై ఏళ్ళ కిందట ఒక కొలతలాయన గీసిన పటం. ఆ తీరాన్ని ఆ కాలంలో ఉన్నట్టే కాపాడాలని ప్రభుత్వం తీర్మానించింది. ఉన్నదాన్ని చెడగొట్టకూడదు, లేనిదాన్ని తెచ్చిపెట్టకూడదు, ఇదీ నిబంధన. ఏది ఉండేదో, ఏది లేదో చెప్పడానికి ఆ పటం ఒక్కటే ఆధారం. పటం ఏం చెబుతోందో చెప్పడానికి భూతద్దం ఒక్కరే ఆధారం.

ఎనిమిది నెలల కిందట ఆవిడ ధ్రువపత్రం ఇచ్చింది: నదికి రెండు గట్ల మీదా పద్దెనిమిదేసి చెట్ల చొప్పున వరుసలు ఉండేవి. కుడిగట్టు మీద తొమ్మిది ముసలి చెట్లు ఇప్పటికీ ఉన్నాయి. ఎడమగట్టు మీద ఒక్కటీ లేదు. అక్కడ ఉన్నది బోడి ఇసుకమేట. కాబట్టి ఆ ఇసుక మీద నాలుగడుగుల ఎత్తున మట్టి పోసి, పద్దెనిమిది మొక్కలు నాటి, పోయిన వరుసను తిరిగి నిలబెట్టాలని నిర్ణయమైంది. ధ్రువపత్రం పెద్ద పుస్తకంలో అచ్చయింది. దాని ప్రతి ఒకటి చట్రం కట్టించుకుని కింది హాల్లో గోడకెక్కింది.

ఈ వ్యవహారమంతటిలో ఏడ్చినవాడు ఒక్కడే, పక్షుల గణకుడు. మెడలో ఇరవై నాలుగు గంటలూ బైనాక్యులర్లు వేలాడుతుంటాయి కనుక అతన్ని దుర్భిణి అంటారు. ఆ బోడి ఇసుక మీదే, గూడన్నది లేకుండా, ఇసుకలో చిన్న గుంట చేసుకుని, నల్లటోపీ పెట్టినట్టుండే తెల్లటి నీటిపిట్టలు ఏటా గుడ్లు పెడతాయి. ఈ ఏడు నూట నలభై మూడు గుంటలు. మట్టి పోస్తే అంతటితో సరి. అతను మూడు అర్జీలు పెట్టాడు. మూడింటికీ ఒకటే జవాబు: "పటంలో చెట్లు ఉన్నవి. పక్షులు లేవు." ఆ జవాబు రాసిచ్చింది భూతద్దమే. అప్పటినుంచి అతను మెట్ల మీద ఎదురుపడితే ఆవిడకు నమస్కారం పెట్టడం మానేసి, కిటికీలోంచి ఆకాశం చూడడం మొదలుపెట్టాడు.

పని మొదలయ్యే రోజున అసలు పటాన్ని ముగ్గురూ కళ్ళారా చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలన్నది నియమం. అందుకే ఆ పొద్దున ముగ్గురూ ఆ గదిలో చేరారు.

"పదకొండింటికి మొదటి లారీ గట్టు మీదికి వస్తుంది మేడమ్," అన్నాడు ఇంజనీరు చేతి గడియారం చూసుకుంటూ. చెట్లంటే అతనికి నిజంగానే ప్రాణం; పద్దెనిమిది మొక్కల్నీ తనే నర్సరీకి వెళ్ళి ఏరుకొచ్చాడు. "వానలు పడి నది లేచేలోగా వేళ్ళు నిలదొక్కుకోవాలి. ఇవాళ మొదలుపెట్టకపోతే ఈ ఏడాదికి అంతే."

"మీ మొక్కలకు వేళ్ళొస్తాయి సార్, నా పిట్టలకు రెక్కలు రావద్దూ?" అన్నాడు దుర్భిణి.

"మళ్ళీ మొదలా! అర్జీలయ్యాయి, జవాబులయ్యాయి. సంతకం పెట్టవయ్యా."

"పెడతాను. కళ్ళారా చూడమన్నారుగా, చూడనివ్వండి." అతను పటం మీదికి వంగి, లేని పిట్టల కోసం వెతుకుతున్నట్టు ఎడమగట్టు పొడుగునా చూపు పోనిచ్చాడు.

భూతద్దం కళ్ళజోడు పెట్టుకుంది. పటం మీద మంచు కురిసినట్టయింది. తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుంది. మంచు కరగలేదు. ఇద్దరూ ఒకే కొట్లో ఒకే రకం ఫ్రేములు చేయించుకోవడం వల్ల వచ్చిన తంటా ఇది. ఆవిడ ముక్కు మీద ఉన్నవి మేనమామ అద్దాలు.

ఆ సరికే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినిపించింది.

"ఏమ్మా, నా కళ్ళు పట్టుకొచ్చేశావు!" అంటూ మేనమామ గుమ్మంలో నిలబడ్డాడు. డెబ్బై ఆరేళ్ళ మనిషి. గడ్డం కుడివైపు నున్నగా ఉంది. ఎడమవైపు తెల్లగా గరగరలాడుతోంది. మధ్యన ఒక గాటు, దాని మీద పేపరు ముక్క. "నీ అద్దాలు పెట్టుకుని సగం గీశాను. మిగతా సగం ఎక్కడుందో అంతు చిక్కలేదు. ఇంకాసేపుంటే ముక్కు కూడా దక్కేది కాదు."

"అయ్యో మామయ్యా, ఫోన్ చేస్తే పంపించేదాన్నిగా!"

"ఫోన్లో అంకెలు కనిపిస్తేగా చేయడానికి."

ఇంజనీరు నవ్వాపుకుంటూ కుర్చీ లాగాడు. "కూర్చోండి బాబాయిగారూ, ఆయాసపడుతున్నారు."

మేనమామ కూర్చోలేదు. అద్దాలు మార్చుకున్నాడు, కొత్త చెప్పులు వేసుకున్నవాడు రెండడుగులు వేసి చూసుకున్నట్టు, కళ్ళు సరిగ్గా ఆనుతున్నాయో లేదో చూసుకోవడానికి ఎదురుగా కనిపించిన మొదటి రాతను బిగ్గరగా చదివాడు.

"నీడ కొఱకు. కుడిగట్టు." తృప్తిగా తల ఊపాడు. "ఆఁ, ఇప్పుడు ప్రపంచం బాగుంది."

ఆవిడ ఇంకా తన కళ్ళజోడు సర్దుకుంటోంది. కుడిగట్టు చెట్ల వరుస పక్కన ఆ మాటలు చిన్న అక్షరాల్లో ఉన్న సంగతి ఆవిడకు తొమ్మిదేళ్ళుగా తెలుసు. కానీ మేనమామ వేలు ఉన్నది కుడిగట్టు మీద కాదు. ఎడమగట్టు మీద.

"ఎక్కడ చదివావు మామయ్యా?"

"ఇక్కడే. వేలు పెట్టి చూపిస్తుంటే!"

"అది మరక. తేమ వల్ల వచ్చింది." ఆ మరకను ఆవిడే జాబితాకెక్కించింది: గోధుమరంగు, రెండంగుళాల పొడవు, ప్రాముఖ్యం లేనిది.

"మరకేమిటమ్మా! మరకకు తలకట్లూ కొమ్ములూ ఉంటాయా ఎక్కడైనా? చక్కటి రాత. కాకపోతే తిరగబడి ఉంది, అంతే."

"తిరగబడి ఉంటే మీరెలా చదివారండీ?" అన్నాడు దుర్భిణి.

"అచ్చాఫీసులో నలభై ఏళ్ళు సీసపు అక్షరాలు పేర్చినవాణ్ణి బాబూ. అచ్చు అక్షరం పుట్టుకే తిరగబడి పుడుతుంది. తిన్నగా ఉన్నది చదవడమే నాకు కాస్త నిదానం."

భూతద్దం తన పేరుకు తగ్గ వస్తువును అందుకుని ఆ మరక మీదికి వంగింది. ఎన్నిసార్లు చూసిన మరక! ఇప్పుడు మాత్రం, మేనమామ గొంతు దారి చూపించిన తరువాత, ఆ గోధుమరంగులోంచి ఒక్కొక్క గీతా లేచి నిలబడింది. ఎడమగట్టు మీద 'కుడిగట్టు' అని, అదీ వెనక్కి తిరిగిన అక్షరాల్లో, ఎవరు రాస్తారు?

ఎవరూ రాయరు. అచ్చుపడితే తప్ప.

"మామయ్యా," అంది. "తడి ఆరని కాగితం మడిస్తే ఏమవుతుంది?"

"ఏమవుతుంది, ఈ సగం మీద సిరా ఆ సగానికి అంటుకుంటుంది. ఎదురుబొదురుగా. మా ప్రెస్సులో కొత్తగా చేరిన ప్రతివాడూ మొదటివారం చేసే నిర్వాకం అది."

ఆవిడకు తొమ్మిదేళ్ళ కిందట ఆ పటం తన చేతికి వచ్చిన రోజు కళ్ళముందు మెదిలింది. రేకుపెట్టెలో, నిలువునా ఒక్క మడత మీద ఉంది. మడత సరిగ్గా నది మధ్యగా పోయింది. ఆవిడ దానికి తగినంత తేమ పట్టించి, బరువుల కింద ఆరు వారాలు ఉంచి, ముడత అన్నది మచ్చుకైనా లేకుండా చదును చేసింది. మిగిలిన సన్నటి గీత నీలిరంగు నీళ్ళలో కలిసిపోయింది. పైవాళ్ళు మెచ్చుకున్నారు. పొరపాటును పట్టిచ్చే ఒకే ఒక్క సాక్షిని తన చేతులతోనే, అంత శ్రద్ధగా, తుడిచిపెట్టేసింది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఎడమగట్టు వరుసలో రెండు చెట్లు గట్టు మీద లేవు; నీళ్ళలో ఉన్నాయి. దాని గురించి ఆవిడ పుస్తకంలో ఒకటిన్నర పేజీల అధోజ్ఞాపిక రాసింది. గట్టు కోసుకుపోవడం గురించీ, ఆ కాలపువారికి ఎదురెదురు వరుసల మీద ఉన్న మోజు గురించీ అందులో ఎంత పాండిత్యం! నది వంపు ఒకవైపుకు తిరిగితే, మడతలో అచ్చుపడ్డ వరుస వంపు రెండోవైపుకు తిరిగింది. నీళ్ళలో చెట్లు మొలవక ఏం చేస్తాయి?

"ఏమైంది మేడమ్?" అన్నాడు ఇంజనీరు. "టైము పదవుతోంది."

"పలుచటి ట్రేసింగ్ కాగితం, పై అరలో ఉంది, అందుకోండి. దుర్భిణిగారూ, మీరు ఆ గాజుబల్ల అడుగు లైటు వేయండి."

ముఖం మీదే ఆ పేరు పెట్టి పిలిచేసరికి దుర్భిణి నోరు తెరిచాడు. అయినా లైటు వేశాడు.

ఆవిడ ట్రేసింగ్ కాగితాన్ని పటం మీద పరిచి కుడిగట్టు వరుసను పెన్సిలుతో ఎత్తి రాయసాగింది. ఒకటో చెట్టుకు ఒక సున్నా, రెండోదానికి ఒకటి. ఐదోదానికీ ఆరోదానికీ మధ్య మెట్ల కోసం వదిలిన ఖాళీ. పదకొండోది కాస్త పక్కకు. ఆ పక్కన "నీడ కొఱకు. కుడిగట్టు." ఏ గీతా వదలలేదు. వెనకనుంచి మూడు ఊపిర్లు ఆవిడ మెడకు తగులుతున్నాయి.

"మేనకోడలా, ఊపిరి పీల్చుకో," అన్నాడు మేనమామ.

"మీరు ముగ్గురూ కాస్త మానేస్తే నేను పీలుస్తాను."

రాయడం అయింది. ఆవిడ కాగితాన్ని రెండంచులా పట్టుకుని, పేజీ తిప్పినట్టు బోర్లా తిప్పి, ఎడమగట్టు మీద ఉంచి మెల్లగా జరిపింది. ఒక వెంట్రుకవాసి ఎడమకు. ఇంకాస్త కిందికి.

పద్దెనిమిది సున్నాలూ పద్దెనిమిది సున్నాల మీద కూర్చున్నాయి. మెట్ల ఖాళీ మెట్లు లేని చోట ఖాళీ మీద పడింది. పక్కకు జరిగిన పదకొండోది పక్కకు జరిగిన పదకొండో మరక మీద పడింది. నీళ్ళలోని రెండు చెట్లు కూడా ఎక్కడికీ తప్పించుకోలేదు.

"ఒక్కటీ తేడా లేదు!" దుర్భిణి అరిచాడు. "ఒక్కటంటే ఒక్కటి! అక్కడ చెట్లే లేవు! ఎన్నడూ లేవు!"

"బల్ల గుద్దకండి, పటం కదులుతుంది," అంది ఆవిడ. కానీ ఆవిడ బుగ్గలు కూడా ఎర్రబడ్డాయి. ఇరవయ్యారేళ్ళలో తను చేసిన అతి పెద్ద పొరపాటు కళ్ళముందు వెల్లికిలా పడి ఉంది. ఆవిడకు మాత్రం ఎగిరి గంతెయ్యాలని ఉంది. ఇదేం మనసో ఆవిడకే అర్థం కాలేదు.

"ఆగండాగండి," అన్నాడు మేనమామ, ముక్కు పటానికి ఆనేంతగా వంగి. "రాత దగ్గర ఇంకా ఏవో మిగిలాయి. మీ పెన్సిలు గీతల కిందికి రాని ముక్కలున్నాయి చూడండి."

నిజమే. అచ్చుపడ్డ అక్షరాలను పెన్సిలు గీతలు కప్పేసిన తరువాత, వాటి మధ్య సందుల్లో పలచటి సిరా గీతలు మిగిలాయి. ఇవి తిరగబడినవి కావు. కొలతలాయన ముందే రాసుకున్నవి, ఆరిపోయినవి. తరువాత వచ్చి పడ్డ అచ్చు వాటిని మింగేసింది. భూతద్దం వాటిని వేరే కాగితం మీదికి ఎత్తింది. ఒక ముక్క, మరో ముక్క. మధ్యలో ఒక చోట రంధ్రం. అది తిన్నగా ఉంది కనుక ఈసారి మేనమామ నిదానంగానే చదివాడు.

"వానలదాఁక... పడవ కట్ట... రాదు."

"వానలదాకా పడవ కట్టరాదు," అని ఇంజనీరు తిరిగి అన్నాడు. "ఎందుకట? ఇసుకమేటకు పడవ కట్టుకుంటే ఏం పోతుంది?"

దుర్భిణి మెడలో బైనాక్యులర్లను రెండు చేతులా పట్టుకున్నాడు, జారిపోతాయేమోనన్నట్టు. "ఇప్పుడే కదండీ గుడ్లు పెట్టేది," అన్నాడు. "వానలు పడి నీళ్ళు ఇసుక మీదికెక్కే సరికి పిల్లలు ఎగిరిపోతాయి. అప్పటిదాకా మనిషి అడుగు పెట్టకూడదు. ఆయనకు తెలుసు! నూట అరవై ఏళ్ళ కిందట ఆ మహానుభావుడికి తెలుసండీ!"

"అది మీ ఊహ," అంది భూతద్దం. "పటం పడవ సంగతి మాత్రమే చెబుతోంది."

"మీతో ఇదేనండీ వచ్చిన చిక్కు! కళ్ళెదుట కనిపిస్తుంటే..."

"నా ఊహ కూడా అదే. కానీ కాగితం మీద ఊహ అనే రాస్తాను."

దుర్భిణి కోపంగా తెరిచిన నోరు నవ్వుతూ మూసుకున్నాడు.

ఇంజనీరు మాత్రం నవ్వలేదు. "మేడమ్, నాకు అర్థమైంది. కానీ నా ఉత్తర్వు మీ ధ్రువపత్రం మీద నిలబడి ఉంది. నోటిమాటతో పని ఆపితే రేపు నన్ను నిలదీస్తారు. ఆ ధ్రువపత్రం తప్పని మీరే రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి." కాసేపు నీళ్ళు నమిలి అన్నాడు: "అది గోడ మీద కూడా ఉంది కదా. మీరు ఆలోచించుకోండి. ఇంకా నలభై నిమిషాలున్నాయి."

ఆవిడ ఆలోచించుకుంది. కింది హాల్లోని చట్రం గుర్తొచ్చింది. దాని ముందునుంచి నడిచేటప్పుడు తను చూడనట్టు నటించి ఓరకంట చూసుకోవడం గుర్తొచ్చింది. దాన్ని దించిన చోట గోడ మీద చతురస్రంగా ఒక తెల్లటి మచ్చ మిగులుతుంది. ప్రతి రోజూ దాని పక్కనుంచే మెట్లెక్కాలి.

"తప్పొప్పుల పట్టిక లేని పుస్తకం నేను నా జన్మలో పేర్చలేదమ్మా," అన్నాడు మేనమామ, ఎవరితోనో అన్నట్టు. "ఉన్నదాన్నే జనం నమ్మేవాళ్ళు."

ఆవిడ కలం తీసింది. మొదటి వాక్యం "నేను పొరబడ్డాను" అని రాసింది. అంత చిన్న వాక్యం ఆవిడ జీవితంలో ఎప్పుడూ రాయలేదు. ఆ తరువాత కలం దానంతటదే పరుగెత్తింది: మడత, తడిసిరా, నీళ్ళలోని రెండు చెట్లు, పద్దెనిమిదికి పద్దెనిమిది, పడవ కట్టరాదు. ఎడమగట్టు మీద చెట్లు ఉండేవన్న ధ్రువపత్రం రద్దు. ఇసుకమేట ఉన్నదున్నట్టు ఉండవలెను. పేజీ నిండింది.

ఈలోగా ఇంజనీరు లారీ డ్రైవరుకు ఫోన్ చేస్తున్నాడు. మోగుతోంది, తీయడం లేదు. మూడోసారి కూడా అంతే.

"ఇంజను రొదలో వినపడదు," అని కిటికీలోంచి తొంగిచూసిన దుర్భిణి అంతలో బిగుసుకుపోయాడు. "లారీ వచ్చేసింది. గట్టు మీదుంది. ఇరవై నిమిషాలు ముందే వచ్చేశాడు మహానుభావుడు!"

అతను మెట్లు దిగాడో దూకాడో తెలియదు. వెనకాల ఇంజనీరు. ఆ వెనకాల, కాగితం ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, చీర కుచ్చెళ్ళు ఇంకో చేత్తో పట్టుకుని, తొమ్మిదేళ్ళుగా నది మొహం చూడని పటాల అధికారిణి. గుమాస్తాలు ముక్కున వేలేసుకుని దారిచ్చారు. ఆవిడ గోడ మీద చట్రం ముందునుంచే పరుగెత్తింది. చూడనట్టు నటించడానికి కూడా తీరిక లేకపోయింది.

గేటు దాటగానే గాలి కొట్టింది. ఆ వెలుగుకు కళ్ళు చెదిరాయి. పటంలో రెండంగుళాల దూరం కాళ్ళకింద ఇంత పొడుగని ఆవిడ ఎన్నడూ అనుకోలేదు. ముందు చెవులకు వినిపించింది: వందల పిట్టలు ఒక్కసారిగా లేచి గొడవపెట్టే అరుపు. ఆ అరుపు కింద ఇంజను రొద. లారీ వెనక్కి తిరిగి గట్టు అంచున నిలిచి ఉంది; దాని తొట్టి మెల్లగా పైకి లేస్తోంది.

"ఆపు! ఆపవయ్యా!" అని ఇంజనీరు చేతులూపుతూ అరిచాడు.

తొట్టి సగం లేచి ఆగింది. ఒక తట్టెడు మట్టి గట్టు మీదే జారిపడింది. ఇసుక మీదికి పోలేదు. డ్రైవరు తల బయటపెట్టాడు. "ఏంటి సార్, పొయ్యమన్నది మీరేగా?"

"ఇప్పుడు వద్దంటున్నాను."

"వద్దంటే ఎట్లా? నా దగ్గర కాగితం ఉంది." అతను జేబులోంచి ధ్రువపత్రం నకలు తీసి చూపించాడు. "ఇదిగో, ఇంత పెద్ద సంతకం. ఈ మేడమ్ ఎవరో గానీ, ఈవిడ పొయ్యమంటేనే పోస్తున్నా."

"ఆ మేడమ్‌ని నేనే," అంది ఆవిడ, రొప్పుతూ. "నేనే వద్దంటున్నాను. ఇదిగో కాగితం."

డ్రైవరు ఇంజను ఆపి కిందికి దిగాడు. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని ఓపిగ్గా చూశాడు. "అన్నీ బాగున్నాయి గానీ మేడమ్, పాతదాంట్లో సంతకం ఉంది, కొత్తదాంట్లో లేదు. నేను దేన్ని నమ్మాలి?"

ఇరవయ్యారేళ్ళలో సంతకం మరిచిపోయిన మొదటి కాగితం. దుర్భిణి ఆకాశం వైపు చూశాడు; ఈసారి నవ్వు దాచుకోవడానికి. ఆవిడ కూడా ఆపుకోలేకపోయింది. ఒగరుస్తూ, నవ్వుతూ, కలం తీసి, వేడిగా ఉన్న లారీ ముందు రేకు మీద కాగితం పరిచి, పాత సంతకం కంటే పెద్దగా కొత్త సంతకం పెట్టింది.

డ్రైవరు తృప్తిగా తల ఊపి బండెక్కాడు. తొట్టి మెల్లగా దిగింది. లారీ గట్టు వదిలి వచ్చిన దారినే పోయింది. పిట్టలు ఇంకాసేపు తిట్టి, ఒక్కొక్కటే ఇసుక మీదికి దిగాయి.

"భూతద్దంగా..." అని దుర్భిణి నాలుక కరుచుకున్నాడు.

"చెప్పండి దుర్భిణిగారూ."

అతను ఇన్ని నెలల్లో మొదటిసారి నమస్కారం పెట్టి, మెడలోంచి బైనాక్యులర్లు తీసి ఆవిడకు ఇచ్చాడు. "ఎండుకర్ర పక్కన. రాళ్ళలా ఉంటాయి. రాళ్ళు కావు."

ఆవిడ చాలాసేపు వెతికింది. ఇసుకరంగు మీద గోధుమ చుక్కలు. రెండు. ఒక పిట్ట వచ్చి వాటి మీద సర్దుకుని కూర్చుంది. తన దాని మీద తను కూర్చుంటే అడిగేదెవరన్నంత ధీమాగా. ఆ పక్కనే ఇసుక కాస్త కదిలింది. బొటనవేలంత పిల్ల ఒకటి ఇసుకరంగు నూగు దులుపుకుని రెండడుగులు నడిచి మళ్ళీ ఇసుకైపోయింది.

"కదిలింది!" అంది ఆవిడ.

"కదులుతాయండీ," అన్నాడు దుర్భిణి మెత్తగా.

"మరి నా పద్దెనిమిది మొక్కల గతేమిటి?" అని ఇంజనీరు దిగులుగా అడిగాడు.

"కుడిగట్టు మీద తొమ్మిది చెట్లు పోయాయి. అవి నిజంగా ఉండేవి; నీడ కొఱకు. అక్కడ నాటండి."

"మిగతా తొమ్మిదీ?"

"ఒకటి మా గుమ్మం ముందు పెట్టండి బాబూ," అన్న గొంతు వెనకనుంచి వినిపించింది. మేనమామ గొడుగేసుకుని, సగం గడ్డంతో, తీరిగ్గా నడిచొచ్చి చేరాడు. ఆవిడ గదిలో వదిలేసి వచ్చిన కళ్ళజోడు డబ్బా ఆయన చేతిలో ఉంది. "ఇదిగో, ఇల్లు మరిచినా ఇది మరవకు. రేపు నీ కళ్ళు నీవే, నా కళ్ళు నావే."

ఆవిడ కాగితాన్ని మడవబోయి ఆగింది. సంతకం మీద వేలి కొసతో తాకి చూసింది. ఇంకా తడి. లారీ వెళ్ళిపోయింది గానీ ఎండ ఎక్కడికీ పోలేదు. కాగితాన్ని ఎండకు పట్టింది. నలుగురూ సిరా ఆరేదాకా నిలబడ్డారు.

"ఆరిందా?" అన్నాడు మేనమామ.

"ఆరింది." ఇంకోసారి తాకి చూసుకుంది. అక్షరం అక్షరానికి తగలకుండా, రాత బయటివైపు ఉండేలా, ఒక్క మడత మడిచింది, మరొకటి మడిచింది, కళ్ళజోడు డబ్బాలో పెట్టి మూత నొక్కింది.